శుభ్రం చేసిన గొంతు

అక్టోబర్ 12, ఆదివారం

తప్పు చేసింది రామచంద్రరావు. మా సేఫ్టీ మేనేజర్. ఊరు కాకినాడ. పేరూ ఊరూ రాసి పెట్టుకుంటున్నాను. రేపు నేను మెత్తబడితే ఈ పేజీ చూసుకోవాలి.

రేపటి నుంచి తెలుగు వాళ్ళకు టూల్‌బాక్స్ టాక్ నేను చెప్పక్కర్లేదట. ఈ గల్ఫ్ బిల్డింగ్ సైటులో రెండేళ్ళుగా చెబుతున్నాను. పని మొదలయ్యే ముందు, ఐదున్నరకు, మూడో గేటు దగ్గర నిలబడి, ఈ రోజు ఎక్కడ ప్రమాదం ఉంది, ఏ మెట్లు ఎక్కాలి, ఏవి ఎక్కకూడదు అని పది నిమిషాలు. హిందీకి ఒకడు, బెంగాలీకి ఒకడు, నేపాలీకి ఒకడు, తెలుగు వాళ్ళు నలభై మందికి నేను. ఇప్పుడు తెలుగుకు స్పీకర్. అందులో గొంతు నాదే. నన్ను మాత్రం తీసేసి, గొంతు ఉంచుకున్నారు.

కొత్తవాళ్ళ ట్రైనింగ్ కోసమని చెప్పి గురువారం మీటింగ్ రూములో కూర్చోబెట్టి చదివించారు. ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఇక్రాముద్దీన్ మాట మధ్యలో నా గొంతులోంచి వచ్చే 'హుప్'లన్నీ ఒక్కొక్కటే కోసి పారేశాడు. "అరవై మూడు తీసిన మియా, ఇప్పుడు ఎంత సాఫ్‌గ ఉందో చూడు" అని గొప్పగా చెప్పాడు. కారు కడిగినవాడిలా.

కారణం ఏమిటంటే, క్లయింట్ వైపు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకడు "ఆ అబ్బాయికి ఒంట్లో బాగాలేదా" అని అడిగాడట. అంతే. ఒక మనిషి ఒక ప్రశ్న అడిగాడని రెండేళ్ళ పని పోయింది.

దీన్ని వివక్ష అంటారు. నా దగ్గరున్న కార్మికుల హక్కుల కరపత్రంలో నాలుగో పేజీలో ఉంది. కింద గీత గీశాను.

నన్ను మోసం చేసి రికార్డు చేశారు. రేపు వెళ్ళి మొహం మీదే అడుగుతాను.

అక్టోబర్ 13

స్పీకర్ మోగింది. బాగానే వినపడింది. నాకేం కాలేదు.

రావు సార్ కంపెనీ ఇంకో సైటుకు, మదీనత్ అల్ షమాల్‌కు వెళ్ళాడు. అడగడం కుదరలేదు.

రౌండుకు వెళ్ళలేదు. రోజూ ఐదింటికల్లా సైటంతా ఒక చుట్టు తిరిగి, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో కళ్ళతో చూసుకుని, అదే చెప్పేవాణ్ణి. అలా తిరగమని ఎవరూ చెప్పలేదు, నేను పెట్టుకున్న పద్ధతి. టాక్ నాది కానప్పుడు రౌండు నాకెందుకు?

అక్టోబర్ 14

ఇక్రాముద్దీన్ ఆ రికార్డు నా ఫోనుకు కూడా పంపాడు. సాక్ష్యంగా ఉంచుకున్నాను. ఒక్కసారి విన్నాను, అంతే.

ఆ ఒక్కసారీ ఇంట్లో వినడం పొరపాటైంది. అల్ మన్సూరాలో మా ఫ్లాటులో వంటింట్లో చిటికేస్తే హాల్లో వినపడుతుంది. అమ్మీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"యే కౌన్ బోల్‌రా బేటా?" అంది. ఎవరు మాట్లాడుతున్నారని.

"నేనే."

నమ్మలేదు. మళ్ళీ పెట్టమంది. సోఫా అంచున కూర్చుని మొత్తం పదకొండు నిమిషాలూ వింది. అమ్మీకి స్కాఫోల్డింగ్ అంటే ఏమిటో తెలియదు, హార్నెస్ అంటే తెలియదు. వింటూ దుపట్టాతో కళ్ళు ఒత్తుకుంది.

మా చెల్లెలు రాబియా పుస్తకంలోంచి తలెత్తకుండానే, "ఇది భాయ్ కాదు. గూగుల్ మ్యాప్ భాయ్. రెండు వందల మీటర్ల తర్వాత కుడివైపు తిరుగు భాయ్" అంది.

"నువ్వు నోరు మూస్తావా?" అంది అమ్మీ. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నాకు పంపు ఇది" అంది.

అబ్బా కళ్ళు మూసుకునే విన్నాడు. స్కూలు బస్సు నడిపి వచ్చి అలసిపోయి ఉన్నాడు. అమ్మీకి పంపించాను.

ఈ డైరీ తెలుగులో రాస్తున్నది ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు కాబట్టే. అమ్మీ అబ్బాలది ఉర్దూ, రాబియాది ఇంగ్లీషు. ఏడో తరగతి దాకా కోరుట్లలో తెలుగు మీడియంలో చదివింది నేనొక్కణ్ణే. చదివాను అనడం కంటే విన్నాను అనాలి. ఏడేళ్ళప్పుడు కళ్ళు టపటపలాడించడంతో మొదలైంది. తర్వాత భుజం ఎగరడం, మెడ తిప్పడం, ఆ తర్వాత గొంతులోంచి 'హుప్'. సుభాషిణి టీచర్ తనను వెక్కిరిస్తున్నాననుకుని వరండాలో నిలబెట్టింది. ఏడాదిన్నర. పద్యాలన్నీ కిటికీలోంచి వచ్చాయి నాకు. లోపల కూర్చున్నవాళ్ళకంటే ఎక్కువే వచ్చాయి.

కళ్ళ డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. అమ్మమ్మ, మా నానీమా, దర్గాకు తీసుకెళ్ళి చేతికి తావీజు కట్టించింది. అబ్బా సెలవుకు వచ్చినప్పుడల్లా "ఆపు" అని కొట్టేవాడు. ఆపేవాణ్ణి కూడా, అదే ఇబ్బంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఉంటుందే, అలాంటి దురద మెడలో ఉంటుంది. కాసేపు బిగపట్టగలను. బిగపట్టినదంతా తర్వాత ఒకేసారి వస్తుంది. ఆపగలిగినవాడు కావాలనే చేస్తున్నాడని అబ్బా లెక్క.

పదమూడో ఏట ఇక్కడికి వచ్చాక ఒక డాక్టరమ్మ పేరు చెప్పింది. టూరెట్. చేతిలో మూడు మడతల కాగితం పెట్టింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివాను. 'ఇవి అతను కావాలని చేసే పనులు కావు' అని ఉంది. ఆ వాక్యాన్ని ఉర్దూలో అబ్బాకు చదివి వినిపించాను. అబ్బా కాగితం తీసుకుని, తనకు రాని ఇంగ్లీషును చాలాసేపు చూసి, మళ్ళీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నన్నెప్పుడూ కొట్టలేదు.

అందుకే కాగితం మీద నాకు నమ్మకం. నవ్వేవాళ్ళు నవ్వనీ. కార్మికుల హక్కులు, ఎండదెబ్బ, బ్యాంకు, రక్తదానం, ఏ కరపత్రం దొరికినా చదువుతాను. ఒక్క వాక్యం ఒక మనిషి చేతిని గాలిలో ఆపడం నేను చూశాను.

అక్టోబర్ 16

ఆదెప్ప పట్టుకున్నాడు ఇవాళ, నీళ్ళ కూలర్ దగ్గర. పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్, మక్తల్ వైపు మనిషి. నలభై మందిలో సగం అతని వాళ్ళే.

"ఏం హారిస్ సాబ్, పెద్దోనివైనవ్. డబ్బాలకెల్లి మాట్లాడుతున్నవ్."

"నన్నడక్కుండా పెట్టారు ఆదెప్పన్నా."

"పెట్టిన్రు గని ఎవడు ఇంటుండు? అందరు ఫోన్లల్ల మొకం పెడుతున్నరు. నువ్వు నిలవడితె అట్ల గాదు. నీ మెడ ఎటు తిరుగుతదో, మల్ల ఎప్పుడు హుప్ అంటవో అని సూస్తుంటె మాట గూడ శెవుల వడేది."

"అంటే నన్ను తమాషా చూసేవాళ్ళా?"

"మొదట్ల సూసిన్రు. అబద్ధమెందుకు? నవ్విండని ఒకని కాలర్ వట్టుకుంటివి గద నువ్వు గూడ. రెండేండ్లు తమాష ఎవడు సూస్తడు నాయినా, సీన్మనే మూడు గంటలు సూడలేం. అటెన్క ఇన్నరు."

అతనే మళ్ళీ, "ఒక్క రయీస్ మాత్రం స్పీకర్ ముంగట చేతులు కట్టుకుని ఇంటడు. హారిస్ భాయ్ ఆవాజ్ అంటడు వాడు" అన్నాడు. రయీస్ వచ్చి నాలుగు నెలలు. మెట్‌పల్లి. మా కోరుట్లకు పక్కనే అని మొదటి రోజే వచ్చి కౌగిలించుకున్నవాడు.

"పొద్దుగాల కనవడ్తలేవ్. రౌండు బంద్ వెట్టినవా?"

"అది నా డ్యూటీ కాదన్నా."

"మంచిది" అన్నాడు ఆదెప్ప. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ 'మంచిది'లో ఏముందో నాకర్థమైంది. నేనేం అతనికి జవాబుదారీ కాదు.

అక్టోబర్ 17, జుమా

శుక్రవారం నమాజుకు వెళ్ళాను. ఎప్పటిలాగే వెనక వరస, గోడ పక్క. ప్రశాంతంగా ఉంది.

మధ్యాహ్నం రికార్డు విన్నాను. మొత్తం మీద ఇది రెండోసారి.

అక్టోబర్ 19

అడిగాను. రావు సార్ గదిలోకి వెళ్ళి అడిగాను.

"కూర్చోవయ్యా."

"నిలబడే మాట్లాడతాను సార్."

నాలుగో పేజీ తీసి బల్ల మీద పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని గీత గీసిన చోటు చదివాడు. "బానే రాశారు. తెలుగులో ఇంత చక్కగా ఎవరు రాయించారో" అన్నాడు. ఇలాంటి మనిషితో పోట్లాడటం కష్టం.

"ఇప్పుడు నిన్ను ఎవరేమన్నారు చెప్పు. ఉద్యోగం తీశానా? జీతం తగ్గించానా? పొద్దున్నే దుమ్ములో నిలబడి గొంతు చించుకునే బాధ తప్పించాను. ఇంట్లో మా ఆవిడ సీతాలక్ష్మి కూడా అంది, పాపం ఆ కుర్రాడికి..."

"మీ ఇంట్లో నా సంగతి ఎందుకు సార్?"

"తప్పైపోయింది, వదిలెయ్. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ రికార్డు నీకు నచ్చలేదూ?"

మెడ మూడుసార్లు తిరిగింది. భుజం ఎగిరింది. గొంతులో వరసగా ఐదారు వచ్చాయి. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను కాగితం తీసుకుని వచ్చేశాను.

జవాబు చెప్పేందుకు నాకు టైమివ్వలేదు. అదీ అతని పద్ధతి.

అక్టోబర్ 21

రయీస్ పడ్డాడు. తూర్పు మెట్లు. ఒంటికి కట్టుకున్న హార్నెస్ పట్టుకుంది, గాలిలో వేలాడాడు. భుజం జారింది. బతికాడు.

అక్టోబర్ 22

ఆసుపత్రికి వెళ్ళాను. ఎడమ చెయ్యి ఛాతీకి కట్టేసి ఉంది. నన్ను చూసి లేవబోయాడు.

"పడుకో రయీస్."

"ఏం గాలే భాయ్. డాక్టర్ ఆరు వారాలన్నడు. మా అమ్మకు జెప్పకు. ఆమెకు గల్ఫంత దుబాయే, దుబాయ్ల ఏమైందో అని ఊరంత ఎత్తుకుంటది."

"ఎర్ర ట్యాగ్ చూడలేదా నువ్వు? ఎక్కొద్దని మెట్ల కింద కట్టి ఉంది కదా."

"చూసిన. చూడకేం." కుడి చేత్తో దుప్పటి సర్దుకున్నాడు. "నువ్వే చెప్పినవ్ గద భాయ్, తూర్పు మెట్లు వాడుండ్రి, పడమర మెట్ల దిక్కు పోకుండ్రి అని. ముందురోజు కట్టిన ట్యాగ్ తీసుడు మర్చిపోయిండ్రు అనుకున్న. నువ్వు పొద్దుగాల తిరిగి చూసొచ్చి చెప్తవ్. ట్యాగ్ తప్పు గావొచ్చు గని నువ్వెట్ల తప్పైతవ్ అనుకున్న."

'హుప్' కూడా రాలేదు. అంత నిశ్శబ్దం నాలో ఎప్పుడూ లేదు, అది నాకు నచ్చలేదు.

రికార్డు చేసిన వారంలో తూర్పు మెట్లు వాడుకలో ఉన్నాయి. సోమవారం సాయంత్రం మూడో అంతస్తు మలుపులో పలకలు విప్పారు. మంగళవారం పొద్దున స్పీకర్ పాత మాటే చెప్పింది. చీకటి పూర్తిగా విడవలేదు. రయీస్ ఎక్కాడు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. పన్నెండో తారీకు పేజీ తిప్పి చూశాను. అది అబద్ధం.

మోసం చేసి రికార్డు చేయలేదు. స్పీకర్ కోసమేనని ఏడో తారీకునే రావు సార్ చెప్పాడు. ఒప్పుకోకపోతే బలవంతం లేదన్నాడు. ఒక నిమిషం నమూనా చేయించి వినిపించాడు. నా జీవితంలో నేను ఒక వాక్యం మొదలుపెట్టి, చివరిదాకా ఏ అడ్డూ లేకుండా చెప్పడం అదే మొదటిసారి వినడం. ఇలా ఉంటానా నేను అనిపించింది. ఫారం ఎక్కడని నేనే అడిగాను. ఇక్రాముద్దీన్ పెన్నుతో సంతకం పెట్టాను. చదవకుండా పెట్టాను. ప్రతి కాగితమూ చదివే నేను.

రెండుసార్లు కాదు విన్నది. అల్ వుకైర్‌లో మా సైటుకు వెళ్ళే బస్సులో రోజూ, వచ్చేటప్పుడు రోజూ.

సంతకం పెట్టాక, స్పీకర్ పెట్టే రోజు దగ్గరపడ్డాక, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. రావు సార్ దొరికాడు. ఆ కోపంతోనే రౌండు మానేశాను. నేను లేకపోతే ఎలా నడుస్తుందో చూద్దాం అనుకున్నాను. ఈ మాట కూడా రాయాలి. చూద్దాం అనుకున్నాను. మంగళవారం ఐదింటికి నేను తూర్పు మెట్లు ఎక్కి ఉంటే, పలకలు లేవని మూడో మలుపులో తెలిసేది.

రామచంద్రరావు తప్పు చేశాడు. హారిస్, తండ్రి రఫీయుద్దీన్, ఊరు కోరుట్ల, తప్పు చేశాడు. రెండు పేర్లూ ఉండాలి పేజీలో.

అక్టోబర్ 23, గురువారం

పొద్దున రౌండు వేశాను. రౌండులో ఉన్నంతసేపూ నాకు ఏ కదలికా రాదు. చూడాల్సింది ఎదురుగా ఉంటే ఒళ్ళు నన్ను వదిలేస్తుంది.

తొమ్మిదింటికి రావు సార్ పిలిచాడు. రయీస్ తెలుగులో చెప్పింది నేను ఇంగ్లీషులో రాసి కింద సంతకం చేయాలి. ఆయన ముందే రాసి ఉంచాడు. 'ఎర్ర ట్యాగ్ చూసి కూడా లెక్కచేయకుండా ఎక్కాడు.'

"దీంతో వాణ్ణి ఇంటికి పంపేస్తారు సార్."

"ట్యాగ్ చూశానని వాడే అన్నాడు కదయ్యా."

"స్పీకర్ ఏం చెప్పిందో కూడా అన్నాడు. అది రాయలేదు మీరు."

"రాస్తే, ఆ గొంతు ఎవరిదంటారు. సంతకం ఎవరిదంటారు. ప్రతిరోజూ మార్చాల్సిన టాక్‌కు రికార్డు పెట్టించిన వెధవ ఎవడంటారు. నీదీ పోతుంది, నాదీ పోతుంది. మా అమ్మాయి అమ్ముకి ఈ ఏడు పన్నెండో తరగతి హారిస్. మార్చిలో పరీక్షలు. ఇప్పుడు నన్ను కదపకు."

ఆయన అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. కోపంతో వెళ్ళాను, అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మొదలుపెట్టాను. "సార్, రయీస్" అన్నాక మాట అక్కడ ఆగింది. హుప్. మెడ. మళ్ళీ "రయీస్". మళ్ళీ హుప్. వీటి మధ్యలోంచే చెప్పాను. వాడు ట్యాగ్ కంటే నా మాట నమ్మాడు. నమ్మినందుకు వాణ్ణి పంపించేస్తే, రేపటి నుంచి ఆ గేటు దగ్గర ఎవరు ఏం చెప్పినా ఎవడూ నమ్మకూడదు. నేను సంతకం చేయను. నా పేరు ముందు రాయండి, నేను రౌండు మానేశానని రాయండి, తర్వాత మీ ఇష్టం.

ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. రావు సార్ ఈసారి కిటికీ వైపు చూడలేదు. నా మొహమే చూశాడు. అయిపోయిందా, ఇంకా ఉందా అని ఆగాడు కూడా.

"శనివారం ఆరింటికి క్లయింట్ సేఫ్టీ వాళ్ళు గేటు దగ్గరికే వస్తున్నారు. కుర్రాళ్ళతో మాట్లాడతారట. అప్పటిదాకా ఈ రిపోర్టు నా డ్రాయర్లో ఉంటుంది" అన్నాడు. నేను తలుపు దాకా వెళ్ళాక, "ఆ రోజు ఐదున్నరకి స్పీకర్ నేను ఆన్ చేయను. అంతకంటే నన్నేం అడక్కు" అన్నాడు.

నాకు ఆయన ఇంకా నచ్చలేదు. కానీ రాయాలి కాబట్టి రాశాను.

అక్టోబర్ 24, జుమా

ఫోనులోంచి రికార్డు తీసేశాను. అమ్మీ ఫోనులో ఉంది. అది అమ్మీది, అడగను.

భోజనాల తర్వాత అబ్బాకు అంతా చెప్పాను. సంతకం సంగతి, రేపు గేటు దగ్గర అందరి ముందూ చెప్పాలనుకున్నది కూడా. ఉద్యోగం పోవచ్చని చెప్పాను. వీసా కంపెనీదే కాబట్టి కోరుట్ల టికెట్టు కూడా కావచ్చు.

అబ్బా పళ్ళెం పక్కకు జరిపాడు. "ఆ పిల్లోడి భుజం ఎట్లుంది?"

"ఆరు వారాలు."

"నలభై మంది ముందర నువ్వే మాట్లాడుతవా?"

"నేనే."

"ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాల మాట. నాకు ఇరవై పైన."

"మరి ఐదున్నరకు పిలిస్తే ఎట్ల సరిపోతుంది? ముందే పిలువు" అన్నాడు. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. వంటింట్లోంచి రాబియా, "రెండు వందల మీటర్లలో గమ్యం" అంది. ఎవరూ దాన్ని నోరు మూయమనలేదు.

ఆదెప్పకు ఫోన్ చేశాను. "రమ్మంటె వస్తరు గని, ఏం జెప్తవో నువ్వే మనోళ్ళ ఫోన్ గ్రూపుల వెట్టు. నీ నోటితోటి" అన్నాడు. పెట్టాను. వాయిస్ మెసేజ్, ఒకే ఊపున, ఏదీ కోయలేదు. మాట తప్పిపోకుండా ముందు రాసుకున్నది ఇదీ:

అన్నలు, తమ్ములు, నేను హారిస్ మాట్లాడుతున్న. మంగళవారం తూర్పు మెట్లు వాడుమని చెప్పిన ఆవాజ్ నాదే. ఆ పొద్దు నేను మెట్లు చూడలే. చూడకుండ నా ఆవాజ్ మీ ముంగటికి పోయింది, అది నా తప్పు. రయీస్ తప్పు లేదు. వాణ్ణి ఇంటికి పంపాలని చూస్తున్నరు. రేపు ఆరింటికి క్లయింటోళ్ళు గేటు కాడికి వస్తరు. స్పీకర్ల ఏమొచ్చిందో చెవులతోటి విన్నోళ్ళు వాళ్ళకు చెప్పాలె. మొదాలు నేనే చెప్త, నా పేరు తోటి. మీరు విన్నది మీరు చెప్పుండ్రి, విననిది చెప్పకుండ్రి. నాకు మాట ఆగి ఆగి వస్తది, మీకు తెల్సు. అందుకే జర ముందుగల్ల పిలుస్తున్న. రేపు శనివారం, పొద్దుగాల ఐదుంబావుకు, మూడో గేటు కాడ. అందరు రాండ్రి.